అద్దం పెట్టెలో గయ్యాళిబొమ్మ

కొండకింద చింతమాను ఉండ్లా, దాని పక్కన మా అన్న కుళ్ళాయప్ప పుట్టిన కొట్టం, దెయ్యం ఉందని మీరెవరూ ఆ తట్టు పోరు కదా. ఎందుకట్ల అయ్యిందో చెప్తా, దగ్గరికి జరగండి.

మా అన్న తోలుబొమ్మలు ఆడించేవాడు. మేకతోలు గీకి, రంగులేసి, తెర వెనక నిలబడి అన్ని గొంతులూ ఒక్కడే పలికేవాడు. అందులో గయ్యాళిబొమ్మ తిట్టే తిట్లకు జనం పొట్ట పట్టుకొని నవ్వేవాళ్లు. నలభై ఏండ్లు ఆడి ఆడి ఆ బొమ్మ చినిగిపాయ. మాలో చినిగిన బొమ్మంటే చచ్చిన మనిషే, టెంకాయ కొట్టి ఏట్లో వదలాల. వదిలేలోపలే అన్న మంచాన పడె. దాన్ని ఏటికి చేర్చు పాపా, అది పోతేనే నేనూ పోతానని నాకు చెప్పి కన్నుమూసె.

అంతలో ఒక ఆఫీసరొచ్చి, గొప్ప కళాకారుడు పుట్టిన ఇల్లు, మ్యూజియం చేస్తామనె. మంచిదే అనుకుంటిమి. ఆ చినిగిన బొమ్మనే తీసుకపోయి అద్దం పెట్టెలో పెట్టి తాళమేసిరి. ఇదేంది సార్, పీనుగును ఇంట్లో పెట్టుకుంటారా అని నేనడిగితే, నీకేం తెలుసవ్వా, ఇది జాతి సొత్తు అనె. నాకేం తెలుసు? తోలు నానబెట్టిన చేతులివి.

ఇంగ చూడండి, నెల తిరక్కముందే పట్టపగలు కొట్టంలోనుంచి గయ్యాళి తిట్లు. గొంతు మా అన్నదే. చూడొచ్చినోళ్ల ఏడుతరాలనూ కడిగిపారేసె. కాపలా ఉండే ఓబులేసు కొట్టం తాళంచెవులు గడపమీద పెట్టి పోయినోడు మళ్లా రాలే. అందరూ భయపడిరి, నాకు మాత్రం ఏడుపొచ్చె. ఊరిని నవ్వించినోడు దావ దొరక్క అట్ల అరుచుకుంటా పడుండాల్నా?

మిట్టమధ్యాన్నం, ఊరంతా చూస్తుండగానే పోతిని. పెట్టె తాళంచెవి ఆఫీసరు దగ్గరుంది, నా దగ్గర రోకలుంది. అద్దం పగలగొట్టి, బొమ్మను ఎత్తుకొనిపోయి, టెంకాయ కొట్టి ఏట్లో వదిలితిని. నీళ్లు మోకాటికి గూడా లేవు, అయినా తీసుకపోయె. ఆ పొద్దుతో తిట్లు ఆగిపాయ.

ఆఫీసరొచ్చి కేసు పెడతాననె.

"పెట్టు సార్. మా అన్నను నేనే సాగనంపినా. ఎవరడిగినా ఇదే చెప్తా" అంటి.

ఆ ఆఫీసరు కేసు మాట వదిలేసి, కొత్త బొమ్మ ఒకటి తెచ్చి తగిలించి, కుళ్ళాయప్ప చేసిందేనని కింద రాసిపెట్టినాడు. మీరు మాత్రం ఆడికి పోవద్దండి. దెయ్యముందని కాదు. అదున్నప్పుడు పోయింటే మా అన్న గొంతన్నా విందురు. ఇప్పుడు ఆడ ఎవరూ లేరు.