ఖాళీగా కూకున్న మూడు

అరకు సంతవీధిలో తమ్ముడు పెట్టిన గేముల కొట్టుకి, కాఫీ పళ్లు కోసి కోసి నేరుగా తోటలోంచే వచ్చింది అక్క. కొత్త కంప్యూటర్‌లో కారు పందెం ఆగాగి నడుస్తోంది.

"నాలుగు కోర్లున్నదే కొన్నానన్నావు. మరేటిరా, ఇలాగ ఆగిపోతంది?"

"ఇటు తెర మీద సూడక్కా. ఈ నాలుగు గీతలూ నాలుగు కోర్లు, అంటే లోపల పని సేసే బుర్రలు. ఒకటే పైకంటా ఎగిరి పనితో సచ్చిపోతంది. మూడూ ఖాళీగా కూకున్నాయి."

"అవి సాయం సెయ్యవేటి?"

"పని పంచితే సేత్తాయి. ఈ గేము రాసినోడు అంతా ఒక్కదాని మీదే పడేసినాడు. ఒకల తోటకి ఒకలెల్లి కోసే మన ఊరి సాయం కోతల్లాగ నాలుగూ కలిసి బేగి లాగేత్తాయనుకున్నాను."

అక్క ఆ ఒక్క గీత వైపే చూసింది.

"ఈ ఏడు మన తోటకి కోతకి ఎవలూ రాలేదురా."

"అదేటి? ఎందుకు రాలేదు?"

"ఆల్ల కోతలకి మనింట్లోంచి ఎవలెల్లారని? నువ్విక్కడే ఉంటివి. నానొక్కదాన్నే ఎన్ని తోటలకెల్తాను?"

"మరి పళ్లు?"

"అందినవి కోత్తన్నాను. మిగిలినవి రాలిపోతన్నాయి."

అప్పుడు చూశాడు వాడు, పగిలి నల్లబడిన ఆమె వేళ్లను. తెర మీద ఆ గీత ఇంకా పైనే కొట్టుకుంటోంది. చెయ్యి చాచి కంప్యూటర్ ఆపేశాడు.

"రేపు ఎవల తోటలో కోతక్కా?"