తడి ఆరకముందే

కోరుట్లలో ఎండ మండే మధ్యాహ్నం. హెపటైటిస్ మందుకు ఒళ్లంతా దద్దుర్లు లేచి భర్త గోక్కుంటుంటే, భార్య బీడీల చాట పక్కన పెట్టి అతని వీపు చూసింది.

“మళ్ల దుబాయి బామ్ రాసినవా?”

“సల్లగుంటదని రాసిన. ఇప్పుడు మండుతాంది. ఇగ గీ గోలీలు మింగను.”

“ఇంక ఇరవై రోజులే. నడుమ ఆపితే రోగం పోదు, వీసా మెడికల్ల మళ్ల ఫెయిలైతవ్. పొద్దుగాల దవాఖాన నర్సమ్మకు ఫోన్ చేసిన.”

“ఏమన్నది?”

“గోలీలు ఆపొద్దన్నది. ఎండకు పోవద్దట. సల్లనీళ్లు పోసుకొని, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయాల్నట.”

“గింతదానికే తగ్గుతదా?”

“తునికాకు ఎండితే పలుగుతది. తడిపి బట్టల చుట్టిపెడితే ఎట్ల వంచినా వంగుతది.”

“నేను ఆకునా?”

“ఆకు మాట వింటది.”

అతను నవ్వాపుకుంటూ నీళ్లు పోసుకొచ్చాడు. ఆమె నూనె రాశాక అతను చాలాసేపు గోక్కోలేదు.

“చెయ్యి కడుక్కొని గోలి ఇయ్యి.”

“మింగనంటివి గద?”

“రోజూ నువ్విట్ల రాస్తనంటే మింగుత.”