మట్టి రెండో అంతస్తులో, పిల్లలు నాలుగో అంతస్తులో

సభకు అధ్యక్షత వహించిన మా సంస్థ డైరెక్టర్ హనుమత్ప్రసాద్ గారికి, లిఫ్ట్ ఈ రోజు కూడా పనిచేయకపోయినా మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కి వచ్చిన విశ్రాంత ఆచార్యులు జానకీదేవి గారికి, ముందు వరసలోని పెద్దలకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పరిశోధక విద్యార్థులకు, అమీర్‌పేట మెట్రో దగ్గర తప్పిపోయి కూడా వెనక్కి వెళ్ళకుండా ఇక్కడిదాకా వచ్చిన మా చర్చి వాళ్ళకు, నా నమస్కారాలు.

ఇంతవరకు ఏడుగురు మాట్లాడారు. అందరూ నన్ను నిశ్శబ్దంగా సేవ చేసిన మనిషి అన్నారు. నేను ఈ రోజు రిటైరవుతున్న లైబ్రేరియన్ని. ముప్పై నాలుగేళ్ళు నా తల మీద గోడకి ‘నిశ్శబ్దం’ అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉండేది. ఈ హాల్లో ఆ బోర్డు లేదు. (నవ్వులు) నవ్వండి. కాసేపటి తర్వాత నవ్వు రాకపోవచ్చు.

మన సంస్థ కరపత్రం మీద ‘అణువు నుంచి సమాజం దాకా’ అని ఉంటుంది. పంజాగుట్టలో ఇన్ని శాస్త్రాలు ఒకే కప్పు కింద ఉన్న భవనం మరొకటి లేదని డైరెక్టర్ గారు ప్రతి ఏడాదీ వార్షికోత్సవంలో చెబుతారు. నిజమే. కప్ప చెవి నిర్మాణం మీద, కాపురాలు చెడిపోవడం మీద, మూసీ బురదలోని సూక్ష్మజీవుల మీద, ఆటోడ్రైవర్ల ఆత్మగౌరవం మీద, నత్త నడక మీద, వలస కూలీల నడక మీద, అన్నిటి మీదా సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. నేనే వాటికి నంబర్లు వేశాను. ప్రకృతి శాస్త్రాలు రెండో అంతస్తు, సామాజిక శాస్త్రాలు నాలుగో అంతస్తు, మధ్యలో మూడో అంతస్తులో నా లైబ్రరీ. రెండో అంతస్తు వాళ్ళు పైకి రావడం, నాలుగో అంతస్తు వాళ్ళు కిందికి దిగడం క్యాంటీన్‌కి తప్ప నేను చూడలేదు. అక్కడ కూడా బల్లలు వేరు. కింది వాళ్ళకి పై వాళ్ళది కబుర్ల శాస్త్రం. పై వాళ్ళకి కింది వాళ్ళు గాజు గొట్టాలు కడుక్కునేవాళ్ళు. జోగారావు గారూ, మీరు తల ఊపుతున్నారు, ఈ రెండు మాటల్లో ఒకటి నాకు మీ బల్ల దగ్గరే వినబడింది. (నవ్వులు)

సన్మానపత్రం చదివినప్పుడు ఒక సంగతి రాయలేదని గమనించాను. చోటు చాలలేదేమో. అది నేను చెబుతాను.

మా లైబ్రరీ ఊడ్చి తుడిచే చిలకమ్మ మీ అందరికీ తెలుసు. తెలుసు అనుకుంటాను. పదహారేళ్ళుగా మీ బల్లల మీద దుమ్ము ఆమే తుడుస్తోంది. ఆమె ఉండేది బేగంపేట వైపు నాలా పక్కన ఒక సందులో. 2017 జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆమె మా లైబ్రరీలో రెండో అంతస్తు వాళ్ళ గ్రంథాలుండే బీరువా తుడుస్తూ, ఒకటి తెరిచి బొమ్మలు చూస్తోంది. ఆమెకి చదువు రాదు, కానీ బొమ్మలంటే ఇష్టం. ఉన్నట్టుండి పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

“మేడమ్, గిది మా సందే. గీ నీలం డ్రమ్ము మా ఇంటిదే,” అంది.

అది ప్రమోద్ అనే విద్యార్థి గ్రంథం. హనుమత్ప్రసాద్ గారి పర్యవేక్షణలో 2014లో సమర్పించాడు. నగరంలో పన్నెండు చోట్ల మట్టిలో సీసం ఎంత ఉందో కొలిచాడు. బొమ్మ కింద ఊరూ పేరూ లేదు, ‘ఏడవ స్థలం’ అని మాత్రం ఉంది. ఆ సందు మొదట్లో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే కార్ఖానా ఒకటి అప్పటికీ నడుస్తోందట. ఏడవ స్థలంలో సీసం ఉండదగిన దానికి నలభై రెట్లు ఉందని పట్టికలో ఉంది. చివరి పేజీ తిప్పాను. ‘ఈ విషయమై మరింత పరిశోధన అవసరం’ అని ఉంది. నాకు తెలిసి ఈ భవనంలో నూటికి తొంభై గ్రంథాలు ఆ వాక్యంతోనే ముగుస్తాయి. దాని కింద సంతకాలు పెట్టి, శాలువాలు కప్పుకుని, ఇంటికి వెళ్తారు.

మీ ఇంటికి ఎవరైనా వచ్చారా అని చిలకమ్మని అడిగాను. ఒక పిలగాడు వచ్చి డబ్బాలో మట్టి తీసుకుపోయాడని చెప్పింది. తర్వాత ఇంకో మేడమ్ చాలా రోజులు వచ్చి, పిల్లల చదువు గురించి అడిగి రాసుకుందని కూడా చెప్పింది. ఆ తర్వాత ఆమె అన్న మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

“ఒకలు మట్టి తీస్కపోయిండ్రు, ఒకలు ముచ్చట తీస్కపోయిండ్రు. మల్ల ఎవ్వరు రాలే.”

ఆ రెండో మేడమ్ మంజూష. జానకీదేవి గారి శిష్యురాలు, 2016లో పట్టా అందుకుంది. నాలుగో అంతస్తు వాళ్ళ బీరువాలోంచి ఆ గ్రంథం తీశాను. అందులో ఆ సందుకి ఒక మారుపేరు ఉంది. చిలకమ్మకి కూడా ఒక పేరుంది, ‘పదిహేడవ సమాచారదాత’. ఆ బస్తీలో బడికి వెళ్ళే చిన్న పిల్లల్లో సగానికి పైగా రెండేళ్ళయినా అక్షరాలు గుర్తుపట్టరని, చిరాకు పడతారని, కడుపునొప్పి అంటారని, బడి మానేస్తారని ఆ అమ్మాయి ఎంతో శ్రద్ధగా రాసింది. కారణం కూడా రాసింది. తల్లుల ఉదాసీనత.

సీసం పసిపిల్లల మెదడుని దెబ్బతీస్తుందని ఎప్పుడో చదివిన గుర్తు. రెండు పుస్తకాలూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఒకదాని వర్గీకరణ నంబరు ఆరు వందల ఇరవై ఎనిమిది, ఇంకోదానిది మూడు వందల డెబ్భై. ఆ నంబర్లు వేసింది నేనే. ఒక్కొక్కటి ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టానని గర్వపడింది కూడా నేనే. రెండింటినీ తెరిచి చదివి ఉంటే ఒక ఏడాది ముందే తెలిసేది. కాబట్టి ఇప్పుడు మిమ్మల్ని అనబోయేవన్నీ నన్ను మొదట అనుకున్నాకే అంటున్నాను.

చిలకమ్మ కూతురు బిడ్డ సిల్వియాకి అప్పుడు ఐదేళ్ళు. ప్రమోద్ ఆ సందులో మట్టి తవ్విన నాటికి రెండేళ్ళు, అదే మట్టిలో ఆడుకునే వయసు.

ఆ సాయంత్రమే నేను రెండో అంతస్తుకి దిగాను. అప్పటికి హనుమత్ప్రసాద్ గారు డైరెక్టర్ కాలేదు, విభాగాధిపతి. ఆయన టీ ఇప్పించి, నేను చెప్పింది అంతా మర్యాదగా విని, అన్నారు కదా, “మీరు చెప్పేది చాలా ఆసక్తిగా ఉందండీ జీవమణి గారూ. కానీ మట్టి వరకే నా సబ్జెక్టు. పిల్లల సంగతి మాట్లాడటానికి నాకేం అధికారం ఉందంటారు?”

నాలుగో అంతస్తుకి ఎక్కాను. జానకీదేవి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మట్టి మా పరిధిలోకి రాదమ్మా అన్నారు. మీ ఇద్దరి మాటలూ నేను కల్పించలేదు. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, కాదంటే చెప్పవచ్చు. (నిశ్శబ్దం) సంతోషం.

ఇద్దరూ కలిసి ఒక ఉమ్మడి కమిటీ వేశారు. మొదటి సమావేశం కమిటీకి పేరు పెట్టడానికి జరిగింది. రెండోది, రాబోయే వ్యాసంలో ఎవరి పేరు ముందుండాలనే దాని మీద. మూడోదానికి ఎవరూ రాలేదు, ఆ రోజు విదేశీ ప్రతినిధి బృందం వచ్చింది. నేను సమోసాలు తిని, హాజరు పుస్తకంలో సంతకం చేసి వచ్చాను.

ఆ మర్నాడు చిలకమ్మనీ సిల్వియానీ వెంటబెట్టుకుని సోమాజిగూడలో పిల్లల డాక్టర్ ఒలీవియా దగ్గరికి వెళ్ళాను. ఆమె మా చర్చిలో పాటలు పాడుతుంది, అదొక్కటే నాకున్న పలుకుబడి. రక్తంలో సీసం ముప్పై నాలుగు వచ్చింది. ఐదు వచ్చినా పట్టించుకోవాలని డాక్టర్ చెప్పింది. చిలకమ్మకి ఆ అంకె అర్థం కాలేదు, నా ముఖం చూసి అర్థమయింది. పిల్ల మొద్దు కాదన్నమాట, ఇన్నాళ్ళూ పలక పగలగొడుతోందని నేను కొట్టానే అని ఆమె ఆసుపత్రి వరండాలో నేల మీద కూర్చుండిపోయింది. తల్లుల ఉదాసీనత గురించి రాసిన రెండు వందల డెబ్భై పేజీల్లో ఆ వరండా లేదు.

నేను మంజూషకి ఫోన్ చేశాను. అప్పటికి ఆమె వేరే ఊళ్ళో కాలేజీలో చేరింది. వచ్చింది. లైబ్రరీలో నిలబడే ప్రమోద్ పట్టిక చదివింది. కూర్చోమన్నా కూర్చోలేదు. “మేడమ్, నేను తప్పు రాశాను. ఆ తల్లుల దగ్గరికి నన్ను తీసుకెళ్ళండి,” అంది. ఆ ఆదివారం ఆ సందులో పదకొండు మంది తల్లుల ముందు నిలబడి, మీ మీద అబద్ధం రాశాను, తెలియక రాశాను, క్షమించండి అని చెప్పింది. ఒకావిడ తిట్టింది. ఒకావిడ కుర్చీ వేసింది. తన గ్రంథంలో ఆ అధ్యాయం తప్పని సంస్థకి ఉత్తరం కూడా రాసింది. ఆ ఉత్తరానికి ఈ రోజు వరకు సంస్థ జవాబివ్వలేదు. ముప్పై నాలుగేళ్ళలో ఈ భవనంలో ఒక మనిషి తను కనిపెట్టినది తప్పని తెలుసుకుని, ఆ మాట ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆమెకి ఏ అవార్డూ రాలేదు.

రెండు గ్రంథాల్లోని నాలుగు పేజీల సారం ఒక పేజీ తెలుగులో రాసి, అమీర్‌పేటలో జిరాక్స్ తీయించి, తల్లులతో సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి కాలుష్యం చూసే అధికారులకి అర్జీ ఇచ్చాం. తొమ్మిది నెలలు తిరిగాం. చివరికి ఆ కార్ఖానాకి తాళం పడింది, పైమట్టి తవ్వి తీసుకెళ్ళారు. యజమాని ఇంకెక్కడో తెరిచే ఉంటాడు. అక్కడికి మన వాళ్ళెవరో డబ్బా పట్టుకుని వెళ్ళే ఉంటారు, ‘పదమూడవ స్థలం’ అని రాసుకునే ఉంటారు.

ఈ తొమ్మిది నెలల్లో సంస్థ నాకు ఇచ్చింది ఒక మెమో. పరిశోధనలో పాల్గొన్నవారి వివరాలు గోప్యంగా ఉంచాలనే నియమాన్ని ఉల్లంఘించి బస్తీ పేరు బయటపెట్టినందుకు నన్ను ఎందుకు సస్పెండ్ చేయకూడదో వివరించమన్నారు. ఆ నియమం మంచిదే. మనిషికి హాని జరగకూడదని పెట్టిన నియమం అది. మీరు దాన్ని కార్ఖానాకి హాని జరగకుండా వాడారు. నా వివరణలో అదే రాశాను. విచారణ రోజున నలుగురు ఆచార్యులు బల్లకి అటువైపు, నేను ఇటువైపు. ఎవరిని అడిగి చెప్పారు అన్నారు. పదిహేడవ సమాచారదాతని అడిగి అన్నాను. ఎవరావిడ అన్నారు. ఇప్పుడే మీకు మంచినీళ్ళు పెట్టి వెళ్ళింది అన్నాను.

ఉద్యోగం పోతుందనుకున్నాను. మా ఆయన గిడియన్ అప్పటికే మంచాన ఉన్నారు, భయపడలేదని అబద్ధం చెప్పను. ఈలోగా పేపర్లో వార్త వచ్చింది. అంతే, మెమో ఎటో పోయింది, ఆ ఏడాది వార్షిక నివేదికలో ఇది ‘సంస్థ బహుశాస్త్ర కృషికి నిదర్శనం’ అయింది. బేగంపేటలో ఒక పెద్ద హోటల్లో జాతీయ సదస్సు పెట్టారు. హనుమత్ప్రసాద్ గారు ప్రకృతి శాస్త్రాలూ సామాజిక శాస్త్రాలూ చేయి చేయి కలిపిన వేళ అని గంట సేపు మాట్లాడారు. ఆ మరుసటి ఏడాదే డైరెక్టర్ అయ్యారు. మంజూషకి ఆహ్వానం లేదు. చిలకమ్మ వచ్చింది, ప్రతినిధులకి సంచులు పంచడానికి. తెర మీద ఆమె ఫోటో వేశారు, గోప్యత కోసం కళ్ళకి అడ్డంగా నల్లపట్టీ పెట్టి. ఆమె తన చీర చూసి గుర్తుపట్టింది. నా పక్కకి వచ్చి మెల్లగా అడిగింది, “నేనేం దొంగతనం చేసిన్న మేడమ్, నా కండ్లకు పట్టీ ఏసిండ్రు?”

అది నవ్వుకునే మాట కాదు, ప్రమోద్ గారూ. అవును, మీరు వచ్చారని చూశాను. మీ పట్టిక చాలా శుద్ధంగా ఉంది, ఒక్క అంకె కూడా తప్పు లేదు. ఆ రోజు మట్టి డబ్బాలో నింపుకుని లేచేటప్పుడు, ఈ పిల్లని ఇక్కడ ఆడుకోనివ్వకండి అని ఒక్క మాట చెప్పి ఉంటే మీ శాస్త్రం ఏమీ చిన్నబోయేది కాదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. సిల్వియా రక్తంలో సీసం రెండేళ్ళకి పన్నెండుకి, ఇప్పుడు నాలుగుకి దిగింది. మెదడులో జరిగింది మాత్రం మొత్తం వెనక్కి రాదని డాక్టర్ ముందే చెప్పింది. ఆ పిల్లకి ఇప్పుడు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి గదిలో కూర్చుంటుంది, మూడో తరగతి వాచకం చదువుతుంది.

నన్ను గౌరవ సలహాదారుగా కొనసాగమని ఈ ఉదయం ఉత్తరం ఇచ్చారు. డైరెక్టర్ గారికి కృతజ్ఞతలు, అది నాకు వద్దు. శాలువాకి, పూలదండకి, మంచి మాటలు చెప్పిన ఏడుగురికి, ఓపిగ్గా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. రేపు ఉదయం ఎనిమిదింటికి, బడికి ముందు సిల్వియాతో చదివించడానికి, నేను ఆ సందులో ఉండాలి. సిల్వియా ఒక వాక్యం చదవడానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో ఎవరైనా తొందరపెడితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఇన్నాళ్ళూ నాకు ఆఫీసు టైమైపోయి సగంలో లేచి వచ్చేదాన్ని. రేపటి నుంచి ఆ వాక్యం పూర్తయ్యేదాకా కూర్చుంటాను.

ఇక మీ దగ్గర సెలవు.