పొరుగింట్లో దాచిన సగం

వాన వెలిసిన మధ్యాహ్నం. కొండ కింది పల్లెలో ముసలావిడ తోకియే, పక్కింటి కోడలు హత్సుమీ తోకియే పెరటి మడి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు.

“గడ్డి పక్కకి తీసి మట్టి చూడు హత్సుమీ.”

“ఎంత గుల్లగా ఉందో పిన్నిగారూ. వానపాములు కూడా.”

“పోయినేడు బూడిదలా ఉండేది, చుక్క నీరు నిలిచేది కాదు. నువ్విచ్చిన పేడ ఎరువు కలిపి, పైన వరిగడ్డి పరిచాను. మట్టికి ప్రాణం వచ్చింది.”

“మరింకేం.”

“ఇప్పుడు సోయా మొక్క చూడు.”

“నీళ్ళు ఎక్కువయ్యాయేమో.”

“నీళ్ళెక్కువైతే ఆకు పండుతుంది. ఇది పిడికిలి బిగించినట్టు ముడుచుకుంది.”

“అయితే పేనుబంక. పేనుబంకే అయ్యుంటుంది.”

“ఆకు తిప్పి చూశాను, ఒక్క పురుగు లేదు. రెండు కుండీల్లో బజారు చిక్కుడు వేశాను. ఒకదాంట్లో ఉత్త మట్టి, ఒకదాంట్లో నీ ఎరువు. నీ ఎరువుదే ముడుచుకుంది.”

“కుండీల్లో ఎండ సరిగ్గా...”

“నా మొహం చూసి చెప్పు. ఏముంది అందులో?”

“నేను పేడ తెచ్చే పశువులశాలలో పైదేశం గడ్డి మేపుతున్నారు. దానిమీద కలుపుమందు కొడతారట. ఆవు తిన్నా పోదు, పేడ మాగినా పోదు. వరికేం కాదు. చిక్కుడు జాతికే...”

“నాకిచ్చేటప్పుడు తెలుసా?”

“అప్పుడు... తెలీదు పిన్నిగారూ.”

“సర్లే, ఏడవకు. మా అత్తగారి నల్ల సోయా గింజ నా వంతంతా ఈ మడిలోనే పోసేశాను. డబ్బాలో ఒక్కటి లేదు. కొత్త సంవత్సరం నాడు ఆ గింజ ఉడకని ఇల్లు ఈ వీధిలో ఉండేది కాదు. ఇప్పుడు మన రెండిళ్ళలో తప్ప ఎక్కడా లేదు, బజార్లో కొందామన్నా దొరకదు.”

“తెలుసు.”

“అందుకే పెద్దవాళ్ళు సగం గింజ పొరుగింట్లో దాచమన్నారు. ఒకరి మడి పోయినా వంశం నిలుస్తుందని. నీకిచ్చిన సగం తీసుకురా. ఈసారి కొత్తగా మడి తవ్వుతాను.”

“పిన్నిగారూ...”

“లే మరి.”

“విత్తేశాను.”

“మొత్తమా?”

“మొత్తం. మీకంటే నెల ముందు.”

“మంచిదేగా, ఈపాటికి నడుమెత్తు వచ్చుంటాయి. పద, చూసొద్దాం.”

“వద్దు. రావద్దు.”

“ఎందుకు వద్దు? ... ఏ ఎరువు వేశావే?”

“అదే.”

“ఎప్పుడు ముడుచుకున్నాయి?”

“మీకు బస్తాలు తెచ్చే ముందు రోజు.”

“ముందు రోజా? కళ్ళారా చూసి, మర్నాడు పొద్దున్నే బండి తోసుకుంటూ తెచ్చావా? నా చేత్తో నేనే కలిపేదాకా పక్కనే నిలబడ్డావు కదే. ఎందుకు తెచ్చావు?”

“నేను బయటూరి నుంచి వచ్చిన కోడల్ని పిన్నిగారూ. మీ మడి పచ్చగా ఉండి నా మడి ఒక్కటే పోతే, ఈ ఊళ్ళో నేనెలా తలెత్తుకుంటాను?”