మండని మందు కోసం: డాక్టర్ పియసీలి వీరకూన్ గారు

1992 జూన్ పదిహేనవ తేదీన డాక్టర్ పియసీలి వీరకూన్ గారు గాలె పట్టణంలోని మా దంత వైద్యశాలలో సహాయ వైద్యురాలిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. దాల్చినచెక్క తోటల నడుమ పుట్టి పెరిగిన వారికి, ఆ ఆకు నూనె ఘాటును శిలీంధ్రాలపై ప్రయోగించాలన్న సంకల్పం విద్యార్థి దశ నుంచే ఉండేది. వృద్ధుల కట్టుడు పళ్ళకు జిగురు పొరలా పట్టి, ఏ మందునూ లోపలికి చొరనివ్వని ఈస్టు అనే శిలీంధ్రం వారి చిరకాల ప్రత్యర్థి అయింది.

ఏళ్ళ తరబడి సాగిన కృషి ఫలించి, గాజు పళ్ళెంలో ఆ పొర దాల్చినచెట్టు ఆకు నూనెకు విడిపోయిన నాడు మేమంతా మిఠాయిలు పంచుకున్నాం. నోటికి పూసే మందుగా ప్రకటించడానికి సభ కూడా ఏర్పాటైంది. అయితే పియసీలి గారు ముందుగా తమ నోటికే పూసుకుని చూశారు. చిగుళ్ళు పొక్కిపోయాయి.

"గాజుకి నొప్పి తెలీదు కదండీ. ఇది నేను రోగులకివ్వను," అన్నారు.

సభ రద్దయింది. పై అధికారుల ఆగ్రహాన్నీ, చేతికందబోయిన పదోన్నతి తప్పిపోవడాన్నీ వారు భరించారు. ఆ పిమ్మట నూనెను బాగా పలుచన చేసి, నోటికి కాక, రాత్రిపూట తీసిపెట్టిన కట్టుడు పళ్ళను నానబెట్టే ద్రావణంగా మలిచారు. వాడినవారిలో చాలామందికి గుణం కనిపించింది. ఎమలిన్ నోనా అనే వృద్ధురాలికి మాత్రం నోటిపూత తగ్గలేదు; కారం తగిలితే కళ్ళనీళ్ళే. గంజితో బతుకుతూ ఆమె నానాటికీ చిక్కిపోయింది.

ఒకనాడు పియసీలి గారు ఆమెను లోపలికి పిలిచారు. నేను పక్కనే ఉన్నాను. మా వైపు అవ్వలను పిలిచినట్టే 'ఆచ్చీ' అంటూ మొదలుపెట్టారు.

"ఆచ్చీ, రాత్రి పళ్ళు తీస్తున్నారా లేదా? నిజం చెప్పండి."

"ఎట్టా తీసేది తల్లీ? మా ఆయన నన్ను బోసినోటితో ఎన్నడూ చూడలేదు. ఈ వయసులో చూపించమంటావా?"

పియసీలి గారు తమ ముందుపళ్ళు తీసి బల్ల మీద పెట్టారు. అవి కట్టుడు పళ్ళని అంతకాలం కలిసి పనిచేసిన నాకే తెలియదు.

"ఇప్పుడు నన్ను చూస్తే భయమేస్తోందా ఆచ్చీ?"

"భయం కాదుగానీ, మా అత్తలాగున్నావు," అని ముసలమ్మ నవ్వింది.

మర్నాడు ఆమె వెంట భర్త సైమన్ కూడా వచ్చారు.

"ఇన్నాళ్ళూ ఈవిడ చూస్తుందనే నేనూ పెట్టుకుని పడుకున్నానమ్మా. నాక్కూడా ఓ సీసా ఇప్పించండి."

కొన్ని వారాలకు ఎమలిన్ నోనా పుల్లని చేపల కూర వండి తెచ్చి, మా ఎదుటే కూర్చుని కడుపారా తింది. శాఖాధిపతి పదవి ఆలస్యంగానైనా లభించిన రోజున కూడా పియసీలి గారి ముఖంలో అంతటి వెలుగు నేను చూడలేదు.

వారు పదవీ విరమణ చేస్తున్న ఈ వేళ, అనేకుల నోటికి అన్నం రుచిని తిరిగి ఇచ్చిన ఆ చేతులకు ఇక విశ్రాంతి దొరకాలని, నోటినిండా రుచితో, ఇంటినిండా కబుర్లతో, ఏ బాధా ఎరుగని నిండు నూరేళ్ళు వారికి లభించాలని మా అందరి మనఃపూర్వక ఆకాంక్ష.

— రంజనీ దహనాయక, సహ వైద్యురాలు