చెయ్యి తగిలితే

మరిగిస్తే క్రిమి చస్తుంది గానీ అది వదిలిన విషం చావదు. ఆరోగ్య కేంద్రం కార్యకర్తగా ఊరందరికీ తను చెప్పే ఈ ముక్క సొంత అక్క ముందు ఎందుకు బయటికి రావడం లేదో చెల్లెలికి అర్థం కాలేదు. క్రిస్మస్ విందులో మిగిలిన పొసోలె అనే పంది మాంసం పులుసు తెల్లారేదాకా ఆరిపోయిన పొయ్యి మీదే ఉండిపోయింది.

"అక్కా, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టలేదా?"

"వేడి కుండ పెడితే ఫ్రిజ్ పాడైపోతుందని అమ్మ చెప్పేది కదే!"

"అమ్మకి ఫ్రిజ్ ఎక్కడుండేదక్కా?"

"నోర్ముయ్. పండగ మర్నాడు మిగిలింది వేడి చేసి పెట్టకపోతే అది పండగేనా? తొంభై ఏళ్ల రెఫూహియో అత్త దీనికోసమే వస్తోంది."

"నా భయం ఆవిడ గురించే. పారబోద్దాం."

"పండగ కూడు పారబోస్తే అమ్మ ఆత్మ ఊరుకుంటుందా?"

"అత్తకి వాంతులు పట్టుకుంటే?"

అక్క కుండను పొయ్యి అంచుకు జరిపింది.

"నేనైతే పారబొయ్యను. ఎవరిదైనా చెయ్యి తగిలి ఒలికిపోతే మాత్రం దేవుడి ఇష్టం."

"మరి ఆవిడకేం పెడతావ్?"

"మొన్న చేసిన తమాలెస్ కుడుములు ఉన్నాయిలే. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేశా. పొగలొచ్చేదాకా ఆవిరి పట్టిస్తే సరి."

"వాటిని మాత్రం పెట్టావా?"

"ఊరంతా తిరిగి చెప్తావు కదే, నాకు మాత్రం చెవుల్లేవా?"

చెల్లెలు వెనక్కి తిరిగి చూసింది. నేల తుడిచే గుడ్డ అప్పటికే అక్క చేతిలో ఉంది. చెల్లెలు మోచేత్తో కుండను నెట్టింది.