మందల దొరికిన పిల్ల

(తాండూరు దగ్గరి ఊరు. గొర్రెల దొడ్డి ముందు మేనత్త నాగవ్వ, మేనల్లుడు గణేశ్.)

“ఉమ్మమంగనే ఉమ్మనీకె నేనేమన్న చిన్నపిల్లనారా గణేశా?”

“గీ గొట్టంల గీ గీత దాంక నింపితె చాలు అత్తా. అరగంట ముందుగాల్నించి ఏం తినద్దు. తంబాకు గూడ నమలద్దు.”

“అరగంట తంబాకు లేకుంటె నేనే ఉండ. ఇగ నా ఉమ్మి యాడుంటది?”

“జర ఇను. బీరప్ప పండుగకు ఇంక రెండు నెల్లున్నది. తొలి బండారి పసుపు దేవునికి ఇంటి ఆడబిడ్డ ఏసేది. నువ్వు ఈ ఇంటి రక్తమేనా అని ఊరంత అడుగుతున్నరు.”

“ఊరా, నువ్వా?”

“మా చెల్లె జ్యోతిరాణి గూడ ఆడబిడ్డనే గద.”

“గట్ల చెప్పు! నలభై ఏండ్ల సంది ఏస్తున్న పసుపు. బీరప్ప ఒక్కనాడన్న దులుపుకున్నడా?”

“దేవుడు చెప్పడు. గీ డీఎన్ఏ పరీక్ష చెప్తది.”

“ఏం చెప్తది? కురుమోళ్లమని చెప్తదా?”

“కులం చెప్పదు.”

“ఇంటిపేరు?”

“చెప్పదు.”

“పోనీ, ఊరు?”

“ఊరంటె... దక్షిణ భారతం, గింత శాతం అని ఏస్తది. అది గూడ అందాజనే. ఆ కంపెనీకి ఉమ్మి ఇచ్చినోళ్లతోని పోల్చి చెప్తరు. కొత్తోళ్లు కలిస్తె శాతం మారుతది.”

“దక్షిణ భారతమా! వారం వారం వికారాబాద్ రైలెక్కుతున్న. యాడున్ననో నాకు తెల్వదారా?”

“నవ్వకు. ఒకటి మాత్రం పక్కాగ చెప్తది. ఇద్దరిది పక్కపక్కన పెడితె, దగ్గరి సుట్టాలా కాదా అని.”

“పక్కాగనా?”

“పక్కా. సొంత అక్కాతమ్ముళ్లయితె దాగదు.”

“నా పక్కన ఎవలది పెడ్తవ్?”

“నాయనది. మొన్ననే పంపిన.”

“మా తమ్ముడు మల్లేశ్వరుతోని ఉమ్మిపిచ్చినవా? ఏమని చెప్పి?”

“షుగర్ పరీక్ష అన్న.”

“ఓరి నీ... వానిది ఒక్కటే ఉంటె ఏం తెలుస్తది?”

“ఒక్కటే అయితె... గా దక్షిణ భారతమే.”

“అయితె గొట్టం తీస్కపో. నేను ఉమ్మ.”

“భయమా?”

“భయమే.”

“సూశినవా! నాయనమ్మ సచ్చేముందట చెప్పనే చెప్పె. కరువుల మంద తోలుకొని బీదర్ దిక్కు తాతా నాయనమ్మా ఇద్దరే పోయిండ్రు. ఏడేండ్లకు ఇద్దరు పిల్లలతోని వచ్చిండ్రు. ‘ఒక పిల్ల మందల దొరికింది’ అన్నది. మా అమ్మ చెవులార ఇన్నది. పిల్ల అన్నది అత్తా, పిల్లగాడు అనలే.”

“మా అవ్వ బతుకంత గొర్లల్లనే. దొడ్ల పడ్డది పొట్టేలైనా ఆమెకు పిల్లనే.”

“అంటె?”

“అంటె ఏంలే. పో.”

“పోను. నువ్వు ఉమ్మకుంటె కుల పెద్దలను పిలుస్త. నాయనను గూడ నిలబెట్టి అడుగుత.”

“నన్ను నిలబెట్టు. మీ నాయనను నిలబెట్టకు.”

“పెద్దలకు మరి ఏం చెప్పాలె?”

“నాగవ్వ భయపడ్డది అని చెప్పు. దొరికింది ఆమెనే కావచ్చని చెప్పు. అనుకోనీ, ఇప్పటిదాంక అనుకుంటలేరా? బండారి మాత్రం నేనే ఏస్త. అడ్డమొచ్చేటోడు ముందుగాల నా చేతిల కట్టెను దాటి రావాలె.”

“దొరికినదానివని ఒప్పుకుంటవ్, పసుపు ఇడువనంటవ్! గిదేం మొండితనం అత్తా? గింత ఉమ్మితె తేలిపోయేదానికి...”

“తేలుతదనే గదరా నేను ఉమ్మనిది! నాకప్పుడు ఐదేండ్లు. పొద్దుగాల దొడ్డి ఇప్పనీకె పోయిన మా నాయన, ఓ పసిగుడ్డును గొంగట్ల సుట్టి తెచ్చి నా ఒళ్లె పెట్టిండు. బొడ్డు గూడ ఆరలే. ‘ఎవలన్న అడిగితె నా తమ్ముడని చెప్పు’ అన్నడు. అరవై ఏండ్లాయె, గదే చెప్తున్న. పో, నువ్వు గూడ గదే చెప్పు.”